ఎలుక సాక్ష్యం ఎంతవరకు?

'నమూనా' అనే మాట మన కళాశాలలో వినిపించే రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. పారశీకం నుంచి ఉర్దూకు, మనకూ సంక్రమించిన ఈ పదం తెలుగులో ఎంతగా స్థిరపడిపోయిందంటే, అది పరభాషాపదమన్న స్పృహ కూడా మనకు కలగదు. అయితే ఈ ఒక్క పదానికి తెలుగులో రెండు అర్థాలున్నాయి. బియ్యం వర్తకుడు బస్తాలోనుంచి పిడికెడు గింజలు తీసి చూపి "ఇదీ నమూనా" అంటాడు. ఇల్లు కట్టించే ఇంజనీరు అట్టముక్కలతో చిన్న ఇల్లు అమర్చి చూపి "ఇదీ నమూనా" అంటాడు. మొదటిది అసలు వస్తువులో ఒక భాగం. పిడికిలిలోని గింజ ఎట్టిదో బస్తాలోని గింజ కూడా అట్టిదే. రెండవది అసలు వస్తువుకు పోలిక మాత్రమే. అట్టతో చేసిన ఇంటిని చూసి గదుల అమరిక తెలుసుకోవచ్చు గాని, అసలు ఇల్లు వానకు కారుతుందో లేదో తెలుసుకోలేము.

వైద్యశాస్త్రంలో మానవుని వ్యాధులను అర్థం చేసుకోవడానికి ఎలుకలలో అటువంటి వ్యాధిని కల్పించి పరిశీలిస్తారు. దానిని 'ఎలుక నమూనా' అంటున్నాము. ఇది ఏ అర్థంలో నమూనా? పిడికెడు బియ్యమా, అట్ట ఇల్లా? భాషాబోధకునికి ఇది మాటల ముచ్చటగా కనిపించవచ్చుగాక. సెరిబ్రల్ మలేరియా విషయంలో మాత్రం ఈ రెండు అర్థాల కలగాపులగం పసిపిల్లల ప్రాణాలతో ముడిపడి ఉంది. ఎలుక ఏ ప్రశ్నకు సమాధానం చెప్పగలదో ఆ ప్రశ్నే దానిని అడగాలి, అడగరాని ప్రశ్న అడిగి వచ్చిన సమాధానాన్ని నమ్మరాదు అన్నదే ఈ వ్యాసంలో నా వాదం.

ముందుగా వ్యాధిని గురించి నాలుగు మాటలు. మలేరియాను కలిగించే పరాన్నజీవులలో అత్యంత ప్రమాదకరమైనది ప్లాస్మోడియం ఫాల్సిపేరమ్. అది ఎర్ర రక్తకణాలలో ప్రవేశించి పెరుగుతుంది. పెరిగే దశలో తానున్న రక్తకణం పైపొరను మార్చివేస్తుంది. అలా మారిన కణాలు రక్తప్రవాహంలో సాగిపోక, సూక్ష్మ రక్తనాళాల గోడలకు అతుక్కుపోతాయి. మెదడులోని నాళాలలో ఈ విధంగా జరిగినప్పుడు రోగి స్పృహ కోల్పోతాడు. మూర్ఛలు వస్తాయి. దీనినే సెరిబ్రల్ మలేరియా లేదా మెదడు మలేరియా అంటారు. మన పత్రికలు మెదడువాపు వ్యాధి అని వ్రాసే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వేరు, ఇది వేరు. మంచి చికిత్స అందినా ఈ వ్యాధి సోకిన పిల్లలలో ఇంచుమించు అయిదింట ఒకరు మరణిస్తున్నారు. బ్రతికినవారిలో కొందరికి మూర్ఛరోగం, కాళ్లుచేతుల బలహీనత, చదువులో వెనుకబాటు మిగిలిపోతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో అన్ని రకాల మలేరియా వల్ల సుమారు 5 లక్షల 97 వేలమంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఆఫ్రికావారు. ఆ ఆఫ్రికా మరణాలలో నాలుగింట మూడు వంతులు అయిదేళ్లలోపు పిల్లలవే. మన విశాఖ మన్యంలోనూ ఈ జ్వరం పాత శత్రువే.

బ్రతికి ఉన్న మనిషి మెదడును తెరచి చూడడానికి వీలులేదు. కనుక పరిశోధకులు జంతువులను ఆశ్రయించక తప్పలేదు. ఈ మార్గానికి గొప్ప ఉదాహరణ మన ప్రాంతంతో సంబంధం ఉన్నదే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ తరువాత ఆయనకు కలకత్తా బదిలీ అయింది. అక్కడ మానవ మలేరియాపై పని సాగని స్థితిలో పక్షుల మలేరియాను చేపట్టాడు. 1898లో, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని తోడ్పాటుతో, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా మరొక పక్షికి సోకుతుందని నిరూపించాడు. పక్షిలో తేలిన సత్యం మనిషి విషయంలోనూ సత్యమే అయింది. ఎందుకని? మలేరియా దోమ ద్వారా సోకుతుందా, సోకితే ఏ మార్గాన అన్నది రాస్ ప్రశ్న. ఆ మూలసూత్రం రెండు జీవులకూ ఉమ్మడి. కనుక పక్షి సాక్ష్యం చెల్లింది.

ఎలుకల కథ 1948లో ఆరంభమైంది. ఆనాటి బెల్జియన్ కాంగోలోని కటంగా ప్రాంతంలో విన్కె, లిప్స్ అనే శాస్త్రవేత్తలు అడవి ఎలుకలలో ఒక కొత్త మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. దానికి ప్లాస్మోడియం బెర్గీ అని పేరు పెట్టారు. మానవ మలేరియా పరాన్నజీవి మామూలు ఎలుకలలో బ్రతకదు. ఈ ఎలుక మలేరియా ప్రయోగశాలలోని తెల్ల ఎలుకలకు, చిట్టెలుకలకు సులభంగా సోకింది. కనుక ప్రపంచమంతటా ప్రయోగశాలలకు వ్యాపించింది. దానిలో 'ఆంకా' అనే ఒక రకాన్ని 'సి 57 బ్లాక్ 6' అనే జాతి చిట్టెలుకలకు ఎక్కిస్తే, ఆరేడు రోజులలో అవి తూలిపోతాయి, పక్షవాతం వస్తుంది, మూర్ఛలు వస్తాయి, స్పృహ తప్పి మరణిస్తాయి. అదే పరాన్నజీవిని 'బాల్బ్ సి' అనే మరొక జాతికి ఎక్కిస్తే, వాటిలో చాలావరకు ఈ మెదడు లక్షణాలు కనిపించవు. అవి రెండు మూడు వారాల తరువాత రక్తహీనతతో మరణిస్తాయి. పరాన్నజీవి ఒక్కటే, ఎలుక జాతి మారితే మరణకారణమే మారిపోతున్నది. ఎలుకకూ ఎలుకకూ మధ్యనే ఇంత భేదం ఉన్నప్పుడు, ఎలుకకూ మనిషికీ మధ్య ఎంత ఉండవచ్చునో విద్యార్థులు ఆలోచించాలి. పైగా ఈ పరాన్నజీవికి సహజమైన ఆశ్రయం కాంగో అడవి ఎలుక. ప్రయోగశాలలోని చిట్టెలుకకు దానితో ప్రకృతిలో పరిచయమే లేదు.

అయినా ఈ చిట్టెలుక మానవాళికి చేసిన మేలు తక్కువది కాదు. 1971లో చైనాకు చెందిన తు యూయూ, మాచిపత్రి కుటుంబానికి చెందిన ఒక మూలిక నుంచి తక్కువ వేడిలో తీసిన సారాన్ని ప్లాస్మోడియం బెర్గీ సోకిన ఎలుకలకు ఇచ్చి చూసింది. పరాన్నజీవులు పూర్తిగా నశించాయి. కోతులలోనూ అదే ఫలితం వచ్చింది. ఆర్టిమిసినిన్ అనే ఔషధానికి అదే నాంది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. ఆ ఔషధం నుంచి రూపొందిన ఆర్టిసునేట్‌ను క్వినైన్‌తో పోల్చి, తీవ్ర మలేరియా రోగులపై పెద్ద పరీక్షలు జరిగాయి. భారతదేశంతో సహా నాలుగు ఆసియా దేశాలలో 1,461 మందిపై జరిగి 2005లో వెలువడిన పరీక్షలో మరణాలు 22 శాతం నుంచి 15 శాతానికి తగ్గాయి. ఆఫ్రికాలో 5,425 మంది పిల్లలపై జరిగి 2010లో వెలువడిన పరీక్షలో 10.9 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గాయి. ఇక్కడ ఎలుకను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ మందు పరాన్నజీవిని చంపుతుందా? ఎలుక ఉన్నదున్నట్లు చెప్పింది.

ఇక రెండవ ప్రశ్నకు వద్దాము. పరాన్నజీవిని చంపే మందు ఇచ్చినా కొందరు పిల్లలు ఎందుకు మరణిస్తున్నారు? వారి మెదడును కాపాడడానికి అదనంగా ఏమి ఇవ్వాలి? ఈ ప్రశ్ననూ ఎలుకనే అడిగారు. 1987లో జార్జెస్ గ్రావ్, ఆయన సహచరులు ఒక ముఖ్య విషయాన్ని ప్రకటించారు. రోగనిరోధక వ్యవస్థ విడుదల చేసే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని ప్రతిరక్షకాలతో అడ్డగిస్తే, పరాన్నజీవుల సంఖ్య తగ్గకపోయినా ఎలుకలకు మెదడు వ్యాధి రాలేదు. అంటే శత్రువు కంటే, శత్రువును చూసి రేగిన మన సేనయే ఎక్కువ కీడు చేస్తున్నదన్నమాట. మెదడు మలేరియా సోకిన పిల్లల రక్తంలోనూ టి.ఎన్.ఎఫ్. ఎక్కువగా కనిపించింది. సాక్ష్యం బలంగా ఉంది. ఆశ కలగడం సహజం.

ఆ ఆశతోనే పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో 610 మంది పిల్లలపై పరీక్ష జరిగింది. సగంమందికి మలేరియా మందుతోపాటు టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించే ప్రతిరక్షకం ఇచ్చారు, తక్కినవారికి ఇవ్వలేదు. 1996లో ఫలితాలు వెలువడ్డాయి. రెండు పక్షాలలోనూ అయిదింట ఒకరు మరణించారు. మందు వల్ల ప్రాణరక్షణలో తేడా రాలేదు. అంతటితో ఆగితే బాగుండేది. బ్రతికి ఇల్లు చేరినవారిలో, ప్రతిరక్షకం పొందిన పిల్లలలో సుమారు 7 శాతానికి నరాల లోపాలు మిగిలాయి. పొందని పిల్లలలో అవి సుమారు 2 శాతం మాత్రమే. ఎలుకను కాపాడిన చికిత్స పిల్లలను కాపాడలేదు సరికదా, కొందరికి హాని చేసి ఉండవచ్చు కూడా. ఆ పరీక్షను జాగ్రత్తగా జరిపి, చేదు ఫలితాన్ని దాచకుండా ప్రకటించిన వైద్యులను నిందించరాదు. వారు ఆ పని చేసి ఉండకపోతే ఆ చికిత్స ఎన్ని ఆసుపత్రులకు పాకేదో!

ఇది ఒక్క ఉదాహరణ అయితే దురదృష్టం అనుకోవచ్చును. 2010లో నికలస్ వైట్, ఆయన సహచరులు మొత్తం లెక్క తీశారు. మెదడు మలేరియాకు అదనపు చికిత్సలుగా ఎలుకలలో పరీక్షించినవి 48. వాటిలో 44 విజయవంతమయ్యాయి. తీవ్ర మలేరియా సోకిన మనుషులలో పరీక్షించినవి 17. వాటిలో ఫలించినది ఒక్కటి. పరీక్ష వ్రాసిన 48 మందిలో 44 మంది ఉత్తీర్ణులైతే, ఉపాధ్యాయుడు ముందుగా అనుమానించవలసినది ప్రశ్నపత్రాన్నే.

ఈ వైఫల్యానికి కారణాలు ముఖ్యంగా రెండు. మొదటిది, రక్తనాళాలలో కనిపించే దృశ్యం. మరణించిన పిల్లల మెదడులోని సూక్ష్మనాళాలు పరాన్నజీవులున్న ఎర్రకణాలతో క్రిక్కిరిసి ఉంటాయి. ఆ కణాలను గోడలకు అతికించే ప్రత్యేక మాంసకృత్తు ఫాల్సిపేరమ్‌కు ఉంది, బెర్గీకి లేదు. ఎలుక మెదడు నాళాలలో ప్రధానంగా కనిపించేవి తెల్లకణాలు. పరాన్నజీవులున్న ఎర్రకణాలు అక్కడా చేరుతాయి గాని, పిల్లలలో వలె నాళాలను నింపివేయవు. ఒకచోట దారి మూసినది దొంగ అయితే, మరొకచోట దొంగను పట్టవచ్చిన పోలీసు. రెండు వీధులలోనూ రాకపోకలు నిలిచిన మాట నిజమే, కాని ఒకే ఉపాయంతో రెండు వీధులనూ తెరవలేము.

రెండవ కారణం కాలం. నా దృష్టిలో ఇదే పెద్దది. ఎలుకలలో ఫలించిన చికిత్సలలో చాలావాటిని వ్యాధి సోకకముందో, సోకిన తొలి రోజులలోనో, మెదడు లక్షణాలు కనిపించకముందే ఇచ్చారు. ప్రయోగం చేసేవానికి ఎలుకకు ఏ రోజున పరాన్నజీవిని ఎక్కించినదీ, ఏ రోజున అది తూలిపోనున్నదీ ముందే తెలుసు. ఏ తల్లికీ ఆ సౌకర్యం లేదు. ఆమె బిడ్డను ఎత్తుకొని మైళ్లు నడచి ఆసుపత్రికి చేరేసరికి బిడ్డకు స్పృహే లేదు. వరద రాకముందు చెరువు కట్టమీద పోసిన నాలుగు తట్టల మట్టి ఊరిని కాపాడవచ్చు. కట్ట తెగిన తరువాత అదే మట్టి తెచ్చి పోస్తే ఏమి ప్రయోజనం? నివారణను పరీక్షించి చికిత్స అని పేరు పెట్టడం భాషాదోషం మాత్రమే కాదు, వైద్యదోషం కూడా.

ఈ వాదాన్ని ఇంకా ముందుకు నడిపి, ఎలుకలను పూర్తిగా వదిలివేయాలనే వారున్నారు. వారి ఆవేదనను గౌరవిస్తాను గాని, ఆ తీర్పును అంగీకరించలేను. మలావీ దేశంలోని బ్లాంటైర్ నగరంలో టెర్రీ టేలర్, ఆమె సహచరులు దశాబ్దాలుగా చేస్తున్న పని ఇందుకు సమాధానం చెబుతుంది. వారు ఎం.ఆర్.ఐ. యంత్రంతో 168 మంది పిల్లల మెదడులను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 25 మంది మరణించగా, 21 మందిలో మెదడు తీవ్రంగా వాచి ఉంది. ఆ వాపు వల్ల శ్వాసను నడిపే మెదడు మూలం ఒత్తిడికి లోనై ఊపిరి ఆగిపోతున్నదని వారి భావన. ఎలుకలలోనూ మరణానికి ముందు మెదడు వాస్తున్నదని, మెదడు మూలం దెబ్బతింటున్నదని ప్రయోగాలు తెలిపాయి. ఎలుకలలో ఈ కీడుకు ముఖ్యకారణం సీడీ 8 అనే ఒక రకం తెల్లకణాలని పరిశోధకులు చిరకాలంగా చెబుతూ వచ్చారు. మనుషులలో అది వర్తించదని చాలామంది త్రోసిపుచ్చారు. 2020లో, మలావీలో మెదడు మలేరియాతో మరణించిన పిల్లల మెదడు నాళాలలో ఆ కణాలు గోడలను ఆనుకొని ఉన్నట్లు మరొక పరిశోధన కనుగొన్నది. అంటే ఎలుక చెప్పిన మాటలో కొంత సత్యం ఉండగా, విసుగుతో మనమే చెవి మూసుకున్నామన్నమాట. గుడ్డి నమ్మకం ఒక తప్పు. దానికి విరుగుడుగా గుడ్డి తిరస్కారాన్ని ఎంచుకోవడం మరొక తప్పు.

సరియైన ప్రశ్న అడిగినవారూ ఉన్నారు. 2015లో కొందరు పరిశోధకులు గ్లుటమిన్ అనే పదార్థం వినియోగాన్ని అడ్డగించే ఒక మందును, ఎలుకలలో మెదడు లక్షణాలు స్పష్టంగా కనిపించిన తరువాతనే ఇచ్చి చూశారు. ఎలుకలు కోలుకున్నాయి. అది పిల్లలకు పనిచేస్తుందని దీనివల్ల తేలిపోదు. కాని ఇక్కడ ఎలుక ఉన్న స్థితి, ఆసుపత్రి గుమ్మంలో బిడ్డ ఉండే స్థితికి దగ్గరగా ఉంది. అట్ట ఇంటిని వానలో పెట్టి చూడడమంటే ఇదే.

మరొక సంగతి. మనుషులను పరిశీలించినంత మాత్రాన సత్యం దానంతట అదే చేతికి రాదు. అదే బ్లాంటైర్ వైద్యులు, మెదడు మలేరియాతో మరణించారని నిర్ధారించిన 31 మంది పిల్లలకు శవపరీక్ష చేసి, 2004లో ఫలితం ప్రకటించారు. వారిలో 7 గురి మరణానికి అసలు కారణం వేరే వ్యాధి. రక్తంలో మలేరియా ఉన్నమాట నిజం, స్పృహ లేనిమాట నిజం, కాని చంపినది మలేరియా కాదు. బ్రతికి ఉండగా కంటి లోపలి పొరను పరీక్షించడమే ఈ తేడాను అన్నిటికన్నా బాగా పట్టి ఇస్తుందని వారు గమనించారు. ఇట్టి జ్ఞానం ఏ ఎలుకా ఇవ్వలేదు. రోగి మంచం ప్రక్కన నిలిచి, ఓర్పుతో చూచినవారికే లభించింది. ప్రయోగశాల, ఆసుపత్రి ఒకదానినొకటి సరిదిద్దుకోవాలి గాని, ఒకటి మరొకదానికి బదులు కాజాలదు.

ఈ చర్చ మనకెందుకని విద్యార్థులు అడగవచ్చును. మన పొరుగున ఉన్న భువనేశ్వర్‌లోని పరిశోధకులు 2022లో ఒక విశేషాన్ని ప్రకటించారు. తామరకు వాడే గ్రిసియోఫుల్విన్ అనే పాత మందు ఎలుకలను మెదడు మలేరియా నుంచి కాపాడిందని అందులో చెప్పారు. తమ వ్యాసం శీర్షికలోనే 'ఎలుకలలో' అనే మాట వారు స్పష్టంగా వ్రాశారు. అది శాస్త్రీయమైన నిజాయితీ. కాని ఇట్టి వార్తలు మన భాషలలోకి వచ్చేసరికి ఆ ఒక్క మాట ఎగిరిపోయి, "మలేరియాకు మందు దొరికింది" అన్న శీర్షిక మిగలడం మనం తరచుగా చూస్తూనే ఉన్నాము. విభక్తి ఒక్కటి జారిపోతే అర్థం ఎంత మారిపోతుందో చూడండి. రేపు ఉపాధ్యాయులై, పత్రికారచయితలై, మందులషాపు నడిపేవారై, మన్యంలో ఆరోగ్య కార్యకర్తలై బ్రతుకు సాగించబోయేది మీరే. అట్టి వార్త కంటబడినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోండి. ఏ జాతి ఎలుక, ఏ పరాన్నజీవి? మందు ఇచ్చినది వ్యాధికి ముందా, తరువాతనా? ఆ ఎలుకలో కనిపించిన మార్పు మనిషిలోనూ ఉన్నదని ఎవరైనా చూచారా? మనుషులపై పరీక్ష జరిగిందా, జరిగితే ఏమి తేలింది?

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఈ పని కోసం కొత్త భవనమూ అక్కరలేదు, విలువైన పరికరాలూ అక్కరలేదు. వారానికి ఒక గంట, జంతుశాస్త్ర శాఖవారూ మేమూ ఉర్దూ శాఖవారూ కలసి కూర్చొని, విద్యార్థులచేత ఒక్క పరిశోధన వ్యాసం చదివించి, దాని సారాంశాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక్కొక్క పుటలో వ్రాయించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. శాస్త్రాన్ని మాతృభాషలో సరిగా చెప్పలేనివానికి ఆ శాస్త్రం పూర్తిగా అర్థం కాలేదని నా అభిప్రాయం. ఆ గంటలో భాష నేర్చుకునేవారు శాస్త్రాన్ని, శాస్త్రం నేర్చుకునేవారు మాటల విలువను గ్రహిస్తారు.

చివరగా, ఆ చిట్టెలుకను గురించి కూడా ఒక మాట. 1948 నుంచి లెక్కకు మిక్కిలిగా అవి మన కోసం ప్రాణాలు విడిచాయి. మూగజీవి ప్రాణం తీయక తప్పనప్పుడు, ఆ ప్రాణానికి తగిన ప్రశ్న అడగడం మన కనీస ధర్మం. జవాబు పనికిరాదని ముందే తెలియదగిన ప్రశ్నకు వంద ఎలుకలను బలియిస్తే, ఆ ఎలుకలకూ అన్యాయమే. ఆ జవాబును నమ్మి మందు కోసం ఎదురుచూచే తల్లికీ అన్యాయమే.